సన్మానం కోటు

డిపోవాళ్ళు ఏటా వేసవి చివర ఒక డ్రైవరుకి సన్మానం చేస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బండికి ఒక్క గీత కూడా పడనివ్వనివాడెవడో చూసి, రిటైరయ్యే రోజున పెద్ద హాల్లో వేదిక మీదికి పిలిచి, నగరాధ్యక్షుడి చేత ముదురు నీలం కోటు తొడిగిస్తారు. ఆ కోటు కుట్టేది నేనే. బట్ట డిపో నుంచి వస్తుంది. గుండీలు, లోపలి అస్తరు బట్ట నేను చూసుకుంటాను. కొలతలకి వచ్చిన ప్రతి డ్రైవరూ పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవాడే. "ఊపిరి వదలండి అన్నగారూ, వేదిక మీద అంతసేపు కూర్చోవాలి, గుండీ ఊడి అధ్యక్షుడి మొహాన తగిలితే నా పేరే పోతుంది" అని చెప్పడం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడాది కోటు మా ఆయనకి.

ఎండలు ముదరకముందే డిపో మేనేజరు స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. మా ముందుగదే నా కుట్టుకొట్టు. మిషను పక్కనున్న స్టూలు మీది బట్టలు తీసి కూర్చోబెట్టాను.

"మూడో నంబరు రూటు మీద ఇంతకాలం నడిపి గీత పడనివ్వనివాడు ఈయనొక్కడేనమ్మా," అన్నాడు మేనేజరు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "సభ రోజు దాకా స్టీరింగు మీద ఉండాలి, అదొక్కటే షరతు. మీకు చెప్పేదేముంది లెండి," అన్నాడు.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. మా అత్తగారు మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది, మేనేజరు చెయ్యి పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి నా దగ్గరికి జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చిన ప్రతి మనిషికీ ఆవిడ గుమ్మంలోనే కూర్చుని మొత్తం కథ చెప్పేది. "మా వాడు చిన్నప్పుడు కూడా గ్లాసు కింద పడేసినవాడు కాదు," అనేది. పడేశాడో లేదో నాకు తెలియదు గానీ, విన్నవాళ్ళంతా తలూపేవాళ్ళు.

సన్మానం అంటే సంతోషం అనుకుంటారు అందరూ. మా ఇంట్లో ఆ వేసవి అలా గడవలేదు. ఇంట్లో ఎవరు ఏ గిన్నె చప్పుడు చేసినా ఆయన ఉలిక్కిపడేవాడు. డ్యూటీ నుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా అలాగే మంచం మీద పడిపోయేవాడు. రోజంతా రాళ్ళు మోసిన మనిషిలా ఉండేవాడు. ఏమైనా అడిగితే విసుక్కునేవాడు. ఎదురైన ప్రతివాడూ "ఒక్క గీత కూడా పడలేదటగా!" అని భుజం తట్టడమే. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మొహం ఇంకాస్త పాలిపోయేది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. ఈ మనిషికి సన్మానం చేస్తున్నారా, శిక్ష వేశారా అనిపించేది.

అప్పుడే క్యాబేజీ గొడవ మొదలైంది.

కంచంలో నేను ఎప్పుడూ కూర ఎడమ పక్కన వేస్తాను, మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఒకరోజు క్యాబేజీ చేశాను. ఆయన అంతా తిని, కూర మాత్రం ముట్టకుండా చెయ్యి కడిగేసుకున్నాడు. పోన్లే అనుకున్నాను. మర్నాడు బీన్సు. అదీ అలాగే ఉంది. మూడోరోజు నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళు తిన్న కూర ఇప్పుడు చేదయిందా? సన్మానం అంటే నాలుక కూడా మారిపోతుందా ఏమిటి?" అన్నాను.

ఆయన కంచం వంక చూశాడు. తల కాస్త ఎడమకి తిప్పి చూశాడు. అప్పుడు మళ్ళీ కూర్చుని, చెయ్యి కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే, కూరంతా తినేశాడు.

"ఆకలి లేక," అన్నాడు.

అబద్ధమని తెలుస్తూనే ఉంది. అయితే ఏ అబద్ధమో తెలియలేదు.

యూనిఫారాలు ఉతికేదీ, చిరిగితే కుట్టేదీ నేనే కదా. ఆయన చొక్కాకి ఎడమ భుజం మీద మాటిమాటికీ గోడ సున్నం అంటుకుని ఉండేది. ఎడమ మోచేతి దగ్గర బట్ట అరిగిపోయింది. లోపల చెయ్యి కమిలి ఉంది. "ఎక్కడ గుద్దుకున్నారండీ?" అంటే, "డిపోలో తలుపు ఇరుకు," అన్నాడు. ఇన్నేళ్ళుగా లేని ఇరుకు ఇప్పుడెక్కడ్నుంచి వచ్చిందో మరి. కోటు మొదటిసారి వేసి చూసినప్పుడు నేను ఆయన ఎడమ పక్కన నిలబడి చేతికి గుండుసూదులు పెడుతున్నాను. "చెయ్యి కాస్త ఎత్తండి," అనేసరికి అదిరిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావే?"

"బాగానే ఉంది. ఇంతసేపూ ఇక్కడే ఉన్నాను కదా!"

మా అత్తగారు గుమ్మంలోంచి నవ్వింది. "పెళ్ళికొడుకు పరధ్యానంలో ఉన్నాడు, వదిలెయ్యి కోడలా," అంది. నేనూ నవ్వేశాను. గుండుసూదులు నోట్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ, నవ్వు పూర్తిగా రాలేదు.

అస్తరు బట్ట తక్కువైతే ఒకరోజు బజారుకి బయల్దేరాను. స్టాపులో నిలబడితే వచ్చింది మూడో నంబరే. సరే, మా ఆయన బండే కదా అని ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. కండక్టరు నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. అతను మా ఆయనతో ఒకే బండి మీద తిరిగి తిరిగి నన్ను వదినా అని పిలుస్తూ నిజంగానే మరిదైపోయిన మనిషి.

"ముందు కూర్చో వదినా, అన్న చూస్తాడు."

"ఇంట్లో చూస్తున్నాడు చాల్లే. ఇక్కడే గాలొస్తోంది," అన్నాను.

బస్సు పైకప్పుకి పొడుగునా తాడు కట్టి ఉంటుంది. వెనక నుంచి కండక్టరు లాగితే ముందు డ్రైవరు తల దగ్గర గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆగాలి, రెండుసార్లు మోగితే కదలాలి. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఆస్పత్రి స్టాపు దాటాక మరిది టిక్కెట్లు కొడుతూ కొడుతూ గబుక్కున తాడు మూడుసార్లు లాగాడు. బస్సు వెంటనే నెమ్మదించింది. ఎడమ పక్క నుంచి సైకిలు మీద ఎవరో ముసలాయన ముందుకి పోయాడు. బస్సు మళ్ళీ వేగం పుంజుకుంది.

మూడు గంటలా? నేనెప్పుడూ వినలేదు.

కాస్త దూరం పోయాక మళ్ళీ మూడు. ఈసారి నేను ఎడమ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. స్కూలు దగ్గర గొడుగు పట్టుకున్న పిల్ల ఒకతె రోడ్డు మీదికి దిగుతోంది. బస్సు ఆగింది. పిల్ల వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేను బజారు సంగతి మరిచిపోయి ఎడమ వైపే చూస్తూ కూర్చున్నాను. ప్రతిసారీ అంతే. ఎడమ పక్కకి ఎవరు వచ్చినా మూడుసార్లు గంట. కుడివైపు ఎవరు వచ్చినా గంట లేదు. బజారు మలుపులో ఎవరో ముసలమ్మ చిల్లర కోసం మరిదితో తగువు పెట్టుకుంది. అతను తాడు అందుకునేలోపే ఎడమ పక్క తోపుడుబండివాడు బండి వదిలేసి వెనక్కి గెంతాడు. టమాటాలు రోడ్డు పాలయ్యాయి. బస్సు అతన్ని తగల్లేదు, వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మా ఆయన ఆగలేదు. ఏం జరిగిందో ఆయనకి తెలియనే తెలియదు.

బజారు దాటి పోయినా నేను దిగలేదు. చివరి స్టాపులో అందరూ దిగి, ఆయన నీళ్ళ కోసం షెడ్డులోకి వెళ్ళాక, మరిది చెయ్యి పట్టుకున్నాను.

"ఎప్పట్నుంచి?"

అతను నా మొహం చూసి ఇక బుకాయించలేదు. "చలి తగ్గుతున్నప్పట్నుంచి వదినా."

"నిన్ను అడిగాడా?"

"అన్న ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఒకరోజు పక్కనున్న సైకిలు ఆయనకి కనబడలేదు. గంట కొట్టాను, ఆగాడు. మర్నాడు మళ్ళీ కొట్టాను. అంతే. దాని గురించి మేమిద్దరం ఒక్క మాట అనుకోలేదు." అతను టిక్కెట్ల సంచీని అటూ ఇటూ తిప్పాడు. "ఇంకెంత వదినా, రెండు వారాలు. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి."

"ఆ తోపుడుబండివాడికి ఈ మాట చెప్పు," అన్నాను.

మరిది తల దించుకున్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక చేత్తో టిక్కెట్లు, ఒక చేత్తో తాడు, రెండు కళ్ళూ వేరేవాళ్ళ కోసం. ఆ వేసవి మా ఆయన ఒక్కడే అలిసిపోలేదన్నమాట. అతని కళ్ళ కింద కూడా నల్లగా చారలు పడ్డాయి.

ఇంటికి నడిచి వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. మేనేజరుతో నేను చెప్పొచ్చు. చెబితే మా ఆయన జీవితాంతం నా వైపు చూడడు, చూసినా చూపులో నేను ఉండను. ఊరుకుంటే ఆ గొడుగు పిల్ల రేపు కూడా అదే వేళకి రోడ్డు మీదికి దిగుతుంది. ఇంటికొచ్చేసరికి మా అత్తగారు పొరుగావిడకి తన చీర చూపిస్తోంది, సభకి ఇదే కట్టుకుంటానని. అలిసిపోయాను, ఎవరి మీదో తెలియని కోపంతో అలిసిపోయాను.

సాయంత్రం మా అత్తగారు పెందలాడే తిని అరుగు మీదికి వెళ్ళిపోయింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. నేను వడ్డించాను. రొట్టె, కూర, ఉడకబెట్టిన గుడ్డు, అన్నీ కంచానికి ఎడమ సగంలోనే పెట్టాను. కుడి సగం ఖాళీగా వదిలేశాను.

ఆయన కంచం వంక చూశాడు.

"ఇంకా వడ్డించలేదేం?"

"వడ్డించాను," అన్నాను.

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. నేను వంగి, కంచం అంచు మీద వేలు పెట్టి, మెల్లగా తిప్పాను. రొట్టె, గుడ్డు, క్యాబేజీ ఒకదాని తర్వాత ఒకటి ఆయన ముందుకి వచ్చాయి. ఆయన వాటిని చూస్తూ కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. బయట అరుగు మీద మా అత్తగారు ఎవరితోనో మళ్ళీ గ్లాసు కథ చెబుతోంది.

"ఇవాళ మీ బస్సెక్కాను," అన్నాను.

ఆయన రొట్టె తుంచాడు. తిన్నాడు. కూర తిన్నాడు. ఒక్క ముక్క వదల్లేదు.

"రెండు వారాలే," అన్నాడు చివరికి.

"తెలుసు."

"అమ్మ ఊరంతా చెప్పుకుంది."

"అదీ తెలుసు."

చెయ్యి కడుక్కోవడానికి లేచి, గుమ్మం దగ్గర ఎడమ భుజం గోడకి కొట్టుకుని ఆగాడు. అటే తిరిగి ఉండి అన్నాడు, "ఆ గొడుగు పిల్ల ఉంది చూశావూ. బండి ముందుకి వచ్చేదాకా నేను చూడలేదే. గంట విన్నానంతే."

నేను ఖాళీ కంచం తీశాను.

మర్నాడు మామూలుగానే లేచాడు. మామూలుగానే గడ్డం గీసుకున్నాడు, క్యారేజీ తీసుకున్నాడు. మధ్యాహ్నం కాకముందే నడుచుకుంటూ తిరిగొచ్చాడు. క్యారేజీ విప్పలేదు. మిషను పక్క స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టేసి, తన కళ్ళు పరీక్ష చేయించమని తనే అడిగాడట. డిపో డాక్టరు గోడ మీద చుక్కలు వేసి చూపించాడట. ఎడమ పక్క చుక్కలు ఒక్కటీ కనబడలేదట. పోయిన చూపు రాదు, ఉన్నది జాగ్రత్తగా చూసుకోమన్నాడట.

"మేనేజరేమన్నాడు?"

"పాపం, ఆయన మాత్రం ఏమంటాడు? చాలాసేపు నెత్తి పట్టుకున్నాడు. 'మిమ్మల్ని వేదికెక్కిస్తే, ఎప్పట్నుంచి కనబడటం లేదని పేపరువాళ్ళు అడుగుతారు, నేనేం చెప్పను?' అన్నాడు. నిజమే కదా. నేనైనా ఏం చెబుతాను?"

మా అత్తగారికి ఆయనే చెప్పుకున్నాడు. ఆవిడ పక్కన అరుగు మీద కూర్చుని, "అమ్మా, కోటు నాకు కాదే," అన్నాడు. కంటి సంగతి కూడా చెప్పాడు. ఆవిడ నోరు మొదటిసారి మూతపడటం చూశాను. కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఎడమకీ కుడికీ తిప్పి చూసింది, చిన్నపిల్లాడి దెబ్బ వెతికినట్టు. అప్పుడు అడిగింది.

"మరి ఎవరికిస్తున్నార్రా?"

"రెండో రూటు వాడికి. వచ్చే ఏడాది ఇవ్వాల్సింది, ముందుకి జరిపారు."

"వాడు ఎండుపుల్లలా ఉంటాడుగా," అంది. "కోటు వాడి మీద నిలుస్తుందా?"

నిలవదు. అదే కదా నా ఖర్మ. డిపోలో ఇంకో కోటుకి బట్ట లేదు, కొత్తది తెప్పించే వ్యవధీ లేదు. వారం తిరక్కుండా రెండో రూటు డ్రైవరు మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాడు, బయటికి పోడు.

"అక్కా, నేను రానన్నాను. మేనేజరు పంపించాడు," అన్నాడు.

"వచ్చావుగా, లోపలికి రా. ఎండలో నిలబడితే కొలతలు మారిపోవు," అన్నాను. వెటకారం ఎందుకొచ్చిందో నాకే తెలియదు. ఆ మనిషి తప్పేముంది ఇందులో?

కోటు తొడిగాను. చేతులు వేళ్ళ దాకా వేలాడాయి. నడుము దగ్గర ఇంకో మనిషి పట్టేంత చోటుంది. రెండు పక్కలా మడిచి గుండుసూదులు పెట్టడం మొదలుపెట్టాను. ప్రతి కుట్టూ నేను వేసిందే. నా మొగుడి భుజం వాలు చూసి, మెడ చూసి, అందరికంటే మంచి అస్తరు వెతికి వేసిన కోటు. ఇప్పుడు ఆ కుట్లన్నీ విప్పాలంటే ఏడుపొచ్చింది. నీలం బట్ట మీద నీళ్ళ చుక్క పడితే మచ్చ కడుతుందని మింగేశాను.

అంతలో లోపలి గదిలోంచి ఆయన వచ్చాడు. డ్రైవరు చటుక్కున కోటు విప్పబోయాడు.

"అన్నా, ఇది నీది."

"నాది కాదురా, డిపోది," అన్నాడు ఆయన. గుండుసూదుల డబ్బా చేతిలోకి తీసుకుని నా పక్కన నిలబడి, ఒక్కొక్కటీ అందించాడు. కాసేపు చూసి, "ఊపిరి వదలరా బాబూ. వేదిక మీద అంతసేపు కూర్చోవాలి," అన్నాడు.

ఆ డ్రైవరు ఊపిరి వదిలాడు. ఎంతోసేపటి నుంచి బిగబట్టి ఉన్నాడు కాబోలు.

సభకి మనం వెళ్ళొద్దు అన్నాను నేను. మా అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "ఊరంతా చెప్పుకున్నది నేను. ఇప్పుడు మొహం చాటేస్తే వాడేదో తప్పు చేశాడనుకుంటారు," అని, చూపించిన చీరే కట్టుకుని ముందు తనే బయల్దేరింది.

హాలు నిండా జనం. మేము మధ్య వరసలో కూర్చున్నాం, మరిది మా వెనక. రిటైరయ్యేవాళ్ళ పేర్లు గబగబా చదివారు. ఆయన పేరు కూడా అందులో వచ్చింది, తర్వాతి పేరు దాన్ని తోసుకుంటూ వచ్చింది. తర్వాత నగరాధ్యక్షుడు మాట్లాడాడు. ప్రయాణికుల ప్రాణాన్ని తన ప్రాణం కంటే మిన్నగా చూసుకున్నవాడే నిజమైన సారథి అన్నాడు. ఏటా ఇదే అంటాడు, బట్ట అమ్మకానికొచ్చినవాడి పాటలా నాకు కంఠతా వచ్చు. ఆ సాయంత్రం మాత్రం లేచి నిలబడి, ఆ సారథి అక్కడ లేడు, ఇక్కడున్నాడు అని అరవాలనిపించింది. అరవలేదు. రెండో రూటు డ్రైవరు కోటు తొడిగించుకున్నాడు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి, ఎక్కడా ముడత లేదు. మంచి పని చేశాను, ఏమనుకున్నా సరే. మా ఆయన చప్పట్లు కొట్టాడు, మా వరసలో అందరికంటే గట్టిగా. మరిది కొట్టలేదు. ఖాళీగా ఉన్న చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక మా అత్తగారిని మరిది బస్సెక్కించి తీసుకెళ్ళాడు. ఆయన, "మనం నడుద్దామే," అన్నాడు. బస్సులో వెనక సీట్లో కూర్చోవడం ఆ రోజు వద్దనుకున్నాడేమో, నేను అడగలేదు.

ఇంకా వెలుతురు ఉంది. పెళ్ళయినప్పట్నుంచీ నేను ఆయన కుడిపక్కనే నడిచేదాన్ని. ఆ రోజు వెనక నుంచి తిరిగి ఎడమ పక్కకి వచ్చి చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఏమిటని అడగలేదు. ఇద్దరం అలిసిపోయి ఉన్నాం. ఆయన చొక్కా ఎడమ మోచెయ్యి నా వేళ్ళ కింద గరుకుగా తగిలింది, నేను మాసిక వేసిన చోటే.

స్కూలు సందు మొదట్లో ఎడమ పక్క నుంచి ఎవరో కుర్రది సైకిలు మీద దూసుకొచ్చింది. ఆయన చేతిని మూడుసార్లు నొక్కాను.

ఆయన టక్కున ఆగిపోయాడు.

అలాగే ముందుకి చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడో వెనక సీట్లో ఉన్న మనిషిని అడిగినట్టు, మెల్లగా అడిగాడు.

"వెళ్ళిపోయిందా?"

రోడ్డు అటు చివరి దాకా చూశాను. రెండుసార్లు నొక్కాను. ఆయన కదిలాడు.